కళింగపట్నం బస్సులో నా ఫ్రాన్స్ ఉద్యోగం

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో సీటు దొరికిందంటే అదృష్టమే. ధనుర్మాసం, అందులోనూ ఆదివారం. శాలిహుండం బౌద్ధ స్తూపాల కొండ ఎక్కి, అట్నుంచి కళింగపట్నం సముద్రం చూసొస్తానంటే అమ్మకు నచ్చలేదు. పండగ ముందు బూజులు దులపాల్సిన పిల్ల ఊళ్లు తిరగడమేమిటని గొణిగింది. మంచు ఇంకా విడవలేదు. కిటికీ పక్క సీటు ఎలాగో సంపాదించాను. కండక్టర్ ఆధార్ చూసి సున్నా రూపాయల టికెట్ చేతిలో పెట్టాడు. రైలు టికెట్లో తగ్గింపు కోసం ఫ్రాన్స్‌లో ఏడాదికి 49 యూరోలు పోసి కార్డు కొన్నదాన్ని. ఆ సున్నా టికెట్‌ను మడిచి పర్సులో దాచుకున్నాను.

పక్కన కూర్చున్నావిడ ఒళ్లో తేగల కట్ట పెట్టుకుని, బస్సు కదిలీ కదలకముందే మొదలుపెట్టింది.

"ఏటి సేస్తన్నావు పాపా?"

"చదువైపోయింది పిన్నీ. మొన్న ఏప్రిల్ దాకా ఫ్రాన్స్‌లో ఉద్యోగం చేశాను."

"ఏటుద్యోగం?"

ఈ ప్రశ్నకే నాకు టెన్షన్. లాంగ్వేజ్ అసిస్టెంట్ అంటే ఇంట్లోవాళ్లకే సరిగ్గా ఎక్కలేదు. "అక్కడి బడిలో పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడాలి" అన్నాను.

"పాఠం సెప్పాల?"

"పాఠం టీచర్ చెబుతారు. నేను మాట్లాడతాను, వాళ్ల చేత మాట్లాడిస్తాను. అంతే."

"ఓలమ్మ! మాటాడ్డానికి జీతమేటి?"

ముందు సీటాయన వెనక్కి తిరిగాడు. పన్నెండు గంటల పని అనగానే "రోజుకి పన్నెండా, సంపేత్తారు కదే" అని ఆవిడ జాలిపడింది. రోజుకు కాదు, వారానికి అన్నాక ఆ జాలి కాస్తా అనుమానంగా మారింది. జీతమెంతని నేరుగా అడిగింది. అక్కడి స్టాఫ్‌రూములో ఏడు నెలలు కాఫీ తాగినా ఎవరూ ఎవర్నీ అడగని ప్రశ్న ఇది. నెలకు 800 యూరోలకు కాస్త అటూ ఇటూ అంటే, రూపాయల్లో చెప్పమంది. డెబ్బై వేలు దాటుతుందన్నాను. బస్సులో సగం మంది విన్నారు. వెంటనే గది అద్దె కూడా చెప్పేశాను, దిష్టి తగలకుండా.

"ముప్పయ్యారు వేలేటి అద్దె? మేడంతా ఇచ్చీసినారా?"

ఒక్క గది. వంట గట్టు, మంచం, బల్ల అన్నీ అందులోనే.

నేనున్నది అల్జాస్‌లో, జర్మనీ సరిహద్దు దగ్గర చిన్న ఊరు. చలికాలంలో ఎనిమిది గంటల క్లాసుకి వెళ్తుంటే వీధి దీపాలు వెలుగుతూనే ఉండేవి. డిసెంబరు చివర్లో అక్కడ సూర్యుడు వచ్చేది ఎనిమిదింపావు దాటాకే. సాయంత్రం నాలుగున్నర దాటితే మళ్లీ చీకటి. క్లాసులో సగం మందిని నా వెంట పంపేవారు. వాళ్ల చేత నోరు విప్పించడమే నా పని. మీ ఊళ్లో చలి ఎంతని ఒకసారి అడిగారు. పదహారు డిగ్రీలకే మేం మంకీ క్యాపులు పెట్టేస్తామన్నాను. నవ్వు ఆగలేదు. ఆ నెలంతట్లో వాళ్లు నోరారా ఇంగ్లీషు మాట్లాడింది ఆ రోజే, అదీ నన్ను వెక్కిరించడానికి.

ఆదివారాలే నన్ను చంపేశాయి. ఆ ప్రాంతానికి ప్రత్యేక చట్టాలున్నాయి, ఆదివారం కొట్లు దాదాపు అన్నీ మూసేస్తారు. మా ఊరికి బస్సూ ఉండదు. శనివారం పాలు మర్చిపోతే సోమవారం దాకా నల్ల టీ. అదే చట్టాల పుణ్యమాని డిసెంబరు 26 కూడా సెలవు, మిగతా ఫ్రాన్స్‌కు లేదు. సెలవిస్తే మాత్రం ఎక్కడికి పోతాం, బస్సు లేకుండా?

క్రిస్మస్ ముందు స్ట్రాస్‌బర్గ్ వెళ్లాను. 1570 నుంచి అక్కడ క్రిస్మస్ సంత జరుగుతోంది. మంచు కురుస్తుందని ఎంతో ఊహించుకున్నాను. కురిసింది వాన. తుంపర, బురద, మన పైడితల్లి జాతరంత తోపులాట. వేడి నారింజ రసం కొంటే కప్పుకి కూడా డబ్బు పట్టుకున్నారు, తిరిగిస్తే ఇస్తారట. ఇంటికి గుర్తుగా ఉంచుకుందామా అని ఒక్క క్షణం అనుకుని, లెక్క చూసుకుని, క్యూలో నిలబడి ఇచ్చేశాను. బొగ్గుల మీద కాల్చిన చెస్ట్‌నట్లు చిన్న పొట్లం ఐదు యూరోలు. ఒక్కోటీ ఒలుచుకుని తింటుంటే ఉడికిన తేగ తిన్నట్టే ఉంది. ఆ రాత్రి రైల్లో ఇల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. తేగల మీద ఏడ్చానని ఎవరికీ చెప్పలేదు.

ఈ పిన్నికి చెప్పాను. పకపకా నవ్వి ఓ నాలుగు తేగలు నా చేతిలో పెట్టింది, డబ్బులిస్తే తీసుకోలేదు. దిగేముందు మాత్రం అసలు ప్రశ్న వేసింది: "పెర్మనెంట్ సేత్తారేటి?" అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకానే అన్నాను. "మరెందుకూ" అంటూ దిగిపోయింది.

శాలిహుండంలో కొండ మెట్లెక్కితే ఇటుక స్తూపాలు, కింద వంశధార. నాతో పాటు ఓ ప్రేమజంట, రెండు మేకలు. 1919లో ఈ చోటును గుర్తించింది గిడుగు రామమూర్తి గారని బడిలో బట్టీపట్టినదే. ఆ మెట్ల మీద తేగ నములుతుంటే ఆయన ఇక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకున్న తీరు గుర్తొచ్చింది. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతను మాట్లాడుతుంటే విని రాసుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. మరి ఆ ఇంట్లో కూర్చుని మాట్లాడిన మనిషిది ఏ ఉద్యోగం? లాంగ్వేజ్ అసిస్టెంటే కదా! ఈ మాట బస్సులోనే తట్టి ఉంటే పిన్నికి చక్కగా చెప్పేదాన్ని.

కళింగపట్నంలో లైట్‌హౌస్, ఇసుక, సెల్ఫీలు. సముద్రం ఎప్పటిలాగే ఉంది. వేయించిన చేప ముక్కలకు చెప్పిన ధర విని దణ్ణం పెట్టాను. ఐదున్నరకే చీకటి కమ్ముకుంది, తిరుగు బస్సు జాడ లేదు. ఆటో అతను మూడొందలు అన్నాడు.

ఏడు నెలలు ఆ దేశంలో ఏ కొట్లోనూ బేరమాడకుండా ఎలా బతికానో నాకే తెలీదు. నోట్లో పేరుకుపోయిన బేరమంతా అతని మీద తీర్చుకున్నాను. "ఏటి, మూడొందలా? ఇమానమేటి?" అన్నాను. నూటయాభైకి దిగాడు. దారిలో ఇంకో ఇద్దర్ని ఎక్కించుకుంటానంటే సరేనన్నాను. ఐదుగుర్ని ఎక్కించాడు.