చింతపండుతో తోమిన గాల్వనోమీటర్

మధ్యాహ్నం నుంచి మనసులో నలుగుతున్న సంగతి రాస్తే గానీ ఈ రాత్రి నిద్ర పట్టేట్టు లేదు. తనిఖీ బృందం వస్తోందని, మా భౌతికశాస్త్ర విభాగపు స్టోర్‌లోని పాత టాంజెంట్ గాల్వనోమీటర్‌ను (అయస్కాంత ముల్లు తిరిగిన కోణాన్ని బట్టి కరెంటును కొలిచే పరికరం) గాజు మూత విప్పి మరీ చింతపండుతో తోమించారు. అలాంటి పరికరాల ఇత్తడి మీద లక్క పూత ఉంటుంది, డిగ్రీల పళ్ళేనికి పలుచని వెండి పూత ఉంటుంది, చెక్కిన గీతలలో నల్లని మైనం ఉంటుంది. పులుపు పెట్టి రుద్దితే ఇవేవీ నిలవవు. ఇప్పుడు 40కీ 50కీ మధ్య ఏ గీత ఎక్కడుందో వెలుతురుకు వాల్చి చూడవలసి వస్తోంది. తళతళలాడుతోందని అందరూ మెచ్చుకుంటుంటే నాకు కడుపు రగిలిపోయింది.

మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివినప్పుడు మా ప్రయోగశాల పెంకుల కప్పు కింద ఉండేది. ఇనుము దగ్గరుంటే ముల్లు పక్కకు లాగుతుందని మాస్టారు ముందుగా అందరి తాళంచెవులూ వరండాలో పెట్టించేవారు. తీగ చుట్టను అయస్కాంత ఉత్తర దక్షిణాలకు సరిచేసి, ముల్లు అద్దంలోని తన నీడను పూర్తిగా కప్పేలా తల సరిచేసుకునేదాకా అంకె చదవనిచ్చేవారు కాదు. ముల్లు రెండు కొసలూ చదివి, కరెంటు దిశ మార్చి మళ్ళీ రెండు కొసలూ చదివి, ఆ నాలుగు అంకెల సగటు తీసుకున్నాకే నోటు పుస్తకం ముట్టనిచ్చేవారు. ఆ ఓపిక పాఠ్యపుస్తకంలో లేదు, ఆ పళ్ళెం ముందు నిలబడితేనే వచ్చింది.

అందుకే చిన్నవాడితో కలిసి 15 సెంటీమీటర్ల వ్యాసం గల చెక్క వలయం మీద 50 చుట్ల తీగ చుట్టి నమూనా ఒకటి చేశాను. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం దాదాపు 40 మైక్రోటెస్లా కాబట్టి, సుమారు 95 మిల్లీ ఆంపియర్ల దగ్గర ముల్లు 45 డిగ్రీలు తిరగాలి. స్లాబు ఇనుప చువ్వలున్న గదిలో లెక్క కుదరలేదు, పెరట్లో వేపచెట్టు కింద కుదిరింది. 1990లలో విజ్ఞానశాస్త్ర చరిత్రకారుడు ఓట్టో సిబుమ్, నీటిని తెడ్లతో కలియబెట్టి పుట్టే వేడిని కొలవడానికి జౌల్ వాడిన తెడ్ల చక్రాన్ని తిరిగి కట్టి ప్రయోగం చేసినప్పుడు, దగ్గరున్న మనిషి ఒంటి వేడి కూడా కొలతను చెడగొడుతుందని తెలిసింది. చేసి చూస్తే గానీ పైకి రాని విషయాలివి.

రాత్రి అన్నం దగ్గర మా అత్తమ్మ, "ఇత్తడి నల్లగుంటే తోమకుండ ఎట్లుంటరు బిడ్డా?" అన్నారు. అప్పటిదాకా అటెండర్ మీద ఉన్న కోపం అక్కడే తగ్గింది. ఆయన శ్రద్ధగానే తోమాడు. ఆ పెట్టె మీద ఒక్క చీటీ అయినా అంటించకుండా, స్టాకు రిజిస్టరులో "ఇత్తడి పరికరం, 1" అని రాసి వదిలేసిన వాళ్ళ మీద మాత్రం కోపం పోలేదు.

రేపు తీగ చుట్ల సంఖ్య, వలయపు కొలత, మిగిలిన పూత ఎక్కడుందో అన్నీ రిజిస్టరులో రాయిస్తాను. పొడి గుడ్డతో దుమ్ము మాత్రమే తుడవాలని చీటీ కడతాను. వెండి పూత మళ్ళీ వేయించాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. వేయిస్తే గీతలు కనబడతాయి గానీ, ఆ పళ్ళెం పాతదని చెప్పే ఆనవాలు పూర్తిగా పోతుంది.