చొక్కా జేబులో పాస్‌పోర్టు

రాత్రి అఫ్గాన్ కమాండర్ అహ్మద్ షా మసూద్ గురించి చదువుతూ కూర్చుంటే టైమ్ రెండయింది. పంజ్‌షీర్ లోయలో సోవియట్ సేనలకు మూడు చెరువుల నీళ్లు తాగించిన మనిషి. 2001 సెప్టెంబర్ 9న విలేకరుల వేషంలో వచ్చిన ఇద్దరు అల్ ఖైదా వాళ్లు బాంబు పేల్చి చంపేశారు. రెండు రోజులకే న్యూయార్క్ మీద దాడులు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఓ చిన్న సంగతి. అప్పట్లో ఢిల్లీలో అఫ్గాన్ రాయబారిగా ఉన్న మసూద్ ఖలీలీ ఆ గదిలోనే ఉన్నారు. ముందురోజు రాత్రి ఆయనా, అహ్మద్ షా మసూదూ పర్షియన్ కవి హాఫిజ్ కవితలు చదువుకున్నారట. ఖలీలీ పాస్‌పోర్టు తీసి ఖలీలీ చొక్కా జేబులోనే పెట్టింది అహ్మద్ షా మసూదేనట. ఖలీలీ గుండెకు తగలాల్సిన బాంబు ముక్కల్ని అదే ఆపింది.

అహ్మద్ షా మసూద్‌ను దేవుణ్ణి చేయక్కర్లేదు లెండి, 1993లో కాబూల్ అఫ్షార్‌లో హజారా అనే మైనారిటీ తెగవాళ్ల మీద జరిగిన దారుణంలో ఆయన బలగాలూ ఉన్నాయి. అయినా ఆ జేబు... పొద్దున టీ తాగుతున్నా అదే గుర్తొస్తోంది.