రాయి ఒకటే, నంబర్లే వేరు

ఎవరైనా అడిగితే మా అమ్మ "మా అమ్మాయి డల్లాస్‌లో ఆస్పత్రిలో చేస్తుంది" అని చెప్పేసి ఊరుకుంటుంది. నేను ఆస్పత్రి గడప తొక్కి ఎన్నాళ్లయిందో! ఇంట్లోనే రెండు మానిటర్ల ముందు కూర్చుని డాక్టర్లు రాసిన ఆపరేషన్ నోట్స్ చదివి, ఏ ఆపరేషన్‌కి ఏ నంబరో చూసి, ఇన్సూరెన్స్ బిల్లు కోసం కోడ్లు వేస్తుంటాను. మొత్తం యూరాలజీయే, అందులోనూ ఎక్కువగా కిడ్నీలో రాళ్లు.

బయటి నుంచి షాక్ వేవ్స్‌తో పగలగొడితే 50590. కింద నుంచి స్కోప్ పంపి బుట్టతో లాగేస్తే 52352, లేజర్‌తో పగలగొడితే 52353, పగలగొట్టి స్టెంట్, అంటే మూత్రనాళంలో ఉంచే సన్న గొట్టం, కూడా పెడితే 52356. ఈ 52356లో స్టెంట్ కలిసే ఉంటుంది కాబట్టి అదే వైపు స్టెంట్‌కి మళ్లీ 52332 వేశారో, ఆ లైన్ డబ్బులు రానట్టే. అమీర్‌పేటలో నేర్చుకుని హైదరాబాద్ నైట్ షిఫ్టుల్లో చేసినప్పుడే ఇవన్నీ నోటికొచ్చేశాయి.

ఇక్కడికొచ్చాక నన్ను దెబ్బకొట్టింది సీ9761. లేజర్‌తో పగలగొట్టిన ముక్కల్ని వాక్యూమ్‌తో పీల్చేసే పరికరం ఒకటుంది, అది వాడితే మెడికేర్‌కి, అంటే ఇక్కడి పెద్దవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్‌కి, ఆస్పత్రి తరఫున పంపే బిల్లులో ఈ కోడ్. అదే ఆపరేషన్‌కి డాక్టర్ బిల్లులో మాత్రం ఇది పనికిరాదు, అక్కడ మళ్లీ 52356 లాంటివే. పైగా ఆ పీల్చే పరికరం గొట్టం కొనను కిడ్నీలో కావలసిన వైపు తిప్పగలిగేదై ఉండాలని కోడ్ వివరణలోనే ఉంటుంది. నేనేమో నోట్‌లో 'సక్షన్' అన్న మాట కనబడగానే వేసేశాను. తీరా చూస్తే వాడింది ఆ పరికరం కాదు, మామూలు సక్షన్ షీత్, అంటే పీల్చే తొడుగు గొట్టం. ఆడిట్‌లో దొరికిపోయాను.

ఇక్కడ ఎవరూ అరవరు, "ఇదెందుకు వేశావో కాస్త చెప్తావా" అని నవ్వుతూ అడుగుతారు. హైదరాబాద్‌లో టీమ్ లీడ్ అందరి ముందూ తిట్టినా నాకు ఇంత వణుకు పుట్టలేదు. మా ఆయన వీసా వెనకాల హెచ్4 మీద వచ్చి నాలుగేళ్లు ఖాళీగా కూర్చున్నాక వచ్చిన ఉద్యోగం, ఈఏడీ (పని చేసుకోవడానికిచ్చే పర్మిట్) రెన్యూవల్ అప్పుడే పెట్టి ఉన్నాం, ఇక టెన్షన్ అడక్కండి.

ఆ వారమే నాన్నకి నొప్పొస్తే నరసరావుపేట నుంచి గుంటూరు తీసుకెళ్లి రాయి తీయించారు. మర్నాడు ఫోన్ చేశాను.

"లేజరా నాన్నా? స్టెంట్ పెట్టారా?"

"ఏదో పైపు పెట్టారంటమ్మా, మూడు వారాలకి తీస్తారంట."

"ఏ వైపు?"

"ఎడమ."

52356, ఎల్‌టీ. వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లిపోయాయి.

"అన్నీ అడుగుతున్నావు గానీ నొప్పి తగ్గిందా అని అడగవేందమ్మా?"

నాకు నోట మాట రాలేదు. ఈలోపు అమ్మ ఫోన్ లాక్కుంది, కొండపిండాకు కూర తినమని ఎన్నిసార్లు చెప్పినా వినలేదని పాత గొడవ ఎత్తుకుంది. ఆస్పత్రిలో అంతా కలిపి ఒకటే ప్యాకేజీ అట, ఒకటే రసీదు, దాని మీద నేను చదవగలిగే నంబరంటూ ఏదీ లేదు. చివర్లో వీడియో ఆన్ చేసి ఒక చిన్న సీసా చూపించింది. అడుగున నాలుగు ముక్కలు, ఆవగింజలంత, ముదురు గోధుమ రంగు. ఇన్నేళ్లలో ఎన్ని వేల రాళ్లకి కోడ్లు వేశానో, ఒక్కటీ కళ్లతో చూసింది లేదు.

"కొంచెం దగ్గరగా పెట్టమ్మా," అన్నాను.