నాయనమ్మ గాంధీ పటం

పడుకుందామంటే ఆ పటాలు కట్టే షాపు అబ్బాయి మాటే తిరుగుతోంది బుర్రలో. పొద్దున్న వన్ టౌన్‌లో నాయనమ్మ పటం అతని చేతిలో పెట్టానో లేదో, అద్దం ఊడదీసి, కింది అంచు మీద గోరుతో గీకుతూ, "ఈ రెండంగుళాలూ కోసేసి, స్కాన్ చేసి, కలర్ పెంచి లామినేషన్ చేసేస్తానండి, కొత్తదానిలా మెరిసిపోద్ది" అన్నాడు. నాయనమ్మ పెట్టిన కుంకుమ బొట్లు ఉన్నది ఆ రెండంగుళాల్లోనే. గీకేముందు అడగొద్దా? లాక్కుని ఇంటికి తెచ్చేశాను. మా ఆయనకి చెప్తే "పాత కాగితానికి ఇంత టెన్షనా" అని టీవీ సౌండ్ పెంచారు. అదింకా మండిపోయింది.

1948 జనవరి 30 సాయంత్రం ఢిల్లీ బిర్లా హౌస్‌లో గాంధీగారిని కాల్చేశారు, మర్నాడే దహనం. రేడియో కూడా లేని ఇంట్లో నాయనమ్మకి తెలిసింది కబురు ఒక్కటే. ఆ ఏడాది చందనోత్సవానికి సింహాచలం వెళ్ళినప్పుడు కొంగున ముడేసుకున్న డబ్బుల్తో ఈ పటం కొనుక్కుందట. గుండె మీద మూడు ఎర్రటి గాయాలతో ఆయన పూలరథమెక్కి మేఘాల్లోకి వెళ్తూంటే, కింద నెహ్రూ, పటేల్ చేతులు జోడించి నిలబడి ఉంటారు. అప్పన్న పటం పక్కనే మేకు కొట్టించింది. ఏటా జనవరి 30న తలంటుకుని, నూలు దండ వేసి, అంచున బొట్టు పెట్టేది. ఆ పూట మా ఇంట్లో కూరకి పోపు ఉండేది కాదు, సొంత మనిషి పోయినట్టే.

కాలేజీ రోజుల్లో నాకీ బొమ్మంటే చిరాకు. తనకి పూజలొద్దన్న మనిషిని రథమెక్కించడమేంటని నాయనమ్మతో వాదించేదాన్ని. తర్వాతెప్పుడో అమెరికా అధ్యక్షుడు లింకన్ పటాలు చూశాను. 1865లో ఆయన్ని చంపినప్పుడు అమెరికాలోనూ ఇంతే, మేఘాల్లో, ఎప్పుడో పోయిన వాళ్ళ తొలి అధ్యక్షుడు వాషింగ్టన్ ఆయన్ని కౌగిలించుకుని తలమీద ఆకుల కిరీటం పెడుతూ ఉంటాడు. లింకన్ ప్రాణం పోయిన గది చాలా చిన్నది, కానీ బొమ్మలేసినవాళ్ళు అందులోకి ఒకరి తర్వాత ఒకరిని చేర్చుకుంటూ పోయారు. అందరికీ ఆ మంచం పక్కన నిలబడాలనే ఉంటుంది కదా! ఢిల్లీ వెళ్ళలేని నాయనమ్మకి కడసారి చూపు ఈ పటమే.

ఇంత తిట్టుకున్నాను గానీ, వెనకున్న అట్ట వల్లే కాగితం గోధుమరంగుకి తిరిగిందని, దాన్ని మార్చకపోతే పెళుసెక్కి విరిగిపోతుందని చెప్పింది కూడా ఆ అబ్బాయే. మన సముద్రపు గాలికి మేకులే తుప్పు పట్టి రాలిపోతున్నాయి, కాగితం ఆగుతుందా? స్కాన్ తీయించి గోడకి కాపీ పెట్టి, అసలుది కొత్త అట్టతో బీరువాలో దాచడమే మేలనిపిస్తోంది ఇప్పుడు. అంచుతో సహా తీయాలి, బొట్లు చెరపకూడదు, కత్తెర దగ్గరికే రాకూడదు. అతను పని చేసినంతసేపూ ఎదురుగా స్టూలేసుకుని కూర్చుంటాను. పూజగదిలో పెట్టడానికి అత్తయ్యగారు ఒప్పుకోరు, హాల్లో అయితే చిన్నాడు టీవీకి అడ్డమంటాడు, ఆ గొడవ రేపు చూసుకోవాలి.