కాలిన శాతం లెక్క: ఎర్రదనం దగ్గరే తప్పేది

కాలిన గాయాల శాతం, అంటే ఒంటి చర్మంలో ఎంత భాగం కాలిందో లెక్కేసేటప్పుడు నేను ముందు అందుకునేది చార్టు కాదు, తడిపిన గాజుగుడ్డ. మసి, ఇంట్లో పూసిన పూతలు పోతే తప్ప అడుగున చర్మం ఎలా ఉందో తెలియదు. సిల్వర్ సల్ఫాడయజీన్ పూసేది కూడా లెక్క అయ్యాకే. ఆ తెల్లటి క్రీము పడ్డాక తర్వాత చూసేవాళ్లకు గాయం రంగు అందదు.

ఒళ్లంతా ఒకేసారి విప్పను, చల్లబడిపోతారు. ఒక్కో భాగం చూడటం, వెంటనే కప్పడం. ఇంకొకరి సాయంతో పక్కకు దొర్లించి, వీపు నుంచి పిరుదుల దాకా చూడనిదే లెక్క మొదలైనట్టు కాదు.

పెద్దవాళ్లకు రూల్ ఆఫ్ నైన్స్, అంటే ఒంటిని తొమ్మిదుల శాతాలుగా పంచే లెక్క: తల, మెడ కలిపి 9, ఒక్కో చెయ్యి 9, మొండెం ముందువైపు 18, వెనకవైపు 18, ఒక్కో కాలు 18, జననాంగాల చోటు 1. చెయ్యి ముందువైపే కాలితే నాలుగున్నర వేయాలి. హడావుడిలో 9 వేసేస్తాం. అక్కడక్కడా పడ్డ మచ్చలకు రోగి అరచేయి కొలత: వేళ్లతో కలిపి సుమారు 1 శాతం, వేళ్లు లేకుండా అర శాతం. రోగి చెయ్యే, మనది కాదు. చాలా భాగం కాలినప్పుడు మాత్రం బాగున్న చర్మాన్ని కొలిచి 100లోంచి తీసేయడమే తేలిక.

పసిబిడ్డకు ఈ అంకెలు పనికిరావు. తల, మెడ కలిపి 18 దాకా ఉంటుంది, ఒక్కో కాలు 14 దగ్గరే. అందుకే 1944 నాటి లండ్-బ్రౌడర్ చార్టులో వయసు గడి చూసి, బొమ్మ మీద రంగు వేసి కూడతాను.

అసలు చిక్కంతా ఎర్రదనంతోనే. ఎర్రబారినా బొబ్బ లేక, పై పొర ఊడకుండా ఉన్న చర్మాన్ని కలపకూడదు. అనుమానంగా ఉన్నచోట గ్లవ్ వేసిన వేలితో మెల్లగా రుద్దుతాను. పొర జారితే లెక్కలోకి వస్తుంది. ఈరోజు ఎర్రగా ఉన్నది రేపటికి బొబ్బ కట్టొచ్చు కాబట్టి మర్నాడు మళ్లీ చూడాల్సిందే.

ఈ తప్పు ఖరీదెంతో చూడండి. 60 కిలోల మనిషికి 20 శాతం కాలితే, నరంలోకి ఎంత ద్రవం ఎక్కించాలో చెప్పే పార్క్‌లాండ్ సూత్రం (4 మి.లీ. × బరువు × శాతం) ప్రకారం 4 × 60 × 20, అంటే 24 గంటల్లో 4800 మి.లీ. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ లాంటి ద్రవం. సగం మొదటి 8 గంటల్లో వెళ్లాలి. ఆ గంటలు కాలిన క్షణం నుంచి, వార్డుకొచ్చినప్పటి నుంచి కాదు. రెండు గంటలు ఆలస్యమైతే మిగిలేది 6 గంటలు, గంటకు 400 మి.లీ. ఎర్రదనం కలిపి 30 అని రాస్తే మొత్తం 7200 అవుతుంది. అదనంగా ఎక్కిన నీరు వాపుగా, ఊపిరితిత్తుల్లో చెమ్మగా తేలుతుంది. 4 బదులు 2తో మొదలుపెట్టే చోట్లూ ఉన్నాయి. ఏదైనా సూత్రం మొదటి అంచనాకే. ఆపైన గంటగంటకూ మూత్రం కొలిచి, పెద్దవాళ్లకు కిలోకు అర మి.లీ. వచ్చేలా డాక్టరుతో చెప్పి వేగం మార్పిస్తాను.

షీటులో శాతం ఒక్కటే రాయను. రంగు వేసిన బొమ్మ, చూసిన సమయం, వదిలేసిన ఎర్రటి భాగాల పేర్లు కూడా ఉంటేనే తర్వాతి డ్యూటీవాళ్లు తేడా పట్టగలరు.