బకాసురుడి వంతు

దసరాకి ఇంద్రకీలాద్రి క్యూలో నిలబడ్డాం. మహిషాసురుడి కథ నుంచి బకాసురుడి కథకి వెళ్లాక మా అక్క కొడుకు అడిగాడు, "మామయ్యా, వాడు మనుషుల్ని తింటుంటే ఊళ్లోవాళ్లు ఏం చేస్తున్నారు?"

జవాబు భారతం ఆదిపర్వంలోనే ఉంది. మనమే భీముడి దెబ్బల కోసం తొందరపడి దాటేస్తాం. ఏకచక్రపురం వాళ్లు ఇంటికో వంతు పెట్టుకున్నారు. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి. బదులుగా బకుడు ఊరిని శత్రువుల నుంచి కాస్తాడు. రాజు ఉన్నాడు గానీ చేతకానివాడు. అంటే బకుడే ఆ ఊరికి ఒక రకంగా ప్రభుత్వం! మన వంతు రానంతవరకు ఏ టెన్షనూ లేదు. నాకైతే వాడి కోరలకన్నా ఆ వంతుల లెక్కే ఎక్కువ భయం.

1818లో అచ్చయిన మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్'లోనూ అంతే, రాక్షసుడికన్నా చుట్టూ ఉన్న మనుషులే భయపెడతారు. అందులో ఒక శాస్త్రవేత్త తయారుచేసిన వికారపు జీవితో గుడ్డి ముసలాయన దయగా మాట్లాడతాడు, చూపున్న కొడుకు వచ్చి కర్రతో బాదుతాడు.

ఏకచక్రపురంలో వంతు వచ్చిన ఇంట్లో తండ్రి, తల్లి, కూతురు "నేను పోతానంటే నేను" అని ఏడుస్తుంటారు. పసివాడు గడ్డిపరక పట్టుకుని, దీంతో రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. ఆ కుటుంబంలో చంపుదామన్న మాట అన్నది వాడొక్కడే, అదీ వచ్చీరాని మాటల్లో.