పసుపు, నలుపు చారల వెనుక ఉన్న వాక్యం

నిన్న రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక, స్ట్రైపర్ బృందం 1986లో విడుదల చేసిన 'టు హెల్ విత్ ద డెవిల్' ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరిదాకా విన్నాను. హెవీ మెటల్ అంటేనే సాతాను సంగీతమని బోధకులు హెచ్చరిస్తున్న రోజుల్లో, కాలిఫోర్నియాకు చెందిన ఈ బృందం పొడుగు జుట్టుతో, పసుపు, నలుపు చారల దుస్తులతో క్రీస్తును గురించి పాడుతూ, కచేరీలకు వచ్చినవారి మీదికి కొత్త నిబంధన ప్రతులను విసిరేది. టీవీ సువార్తికుడు జిమ్మీ స్వాగర్ట్ వంటివారు తప్పుపట్టినా, ఈ ఆల్బమ్ అమెరికాలో పది లక్షల ప్రతుల అమ్మకానికిచ్చే ప్లాటినం గుర్తింపు పొందింది; 'ఆనెస్ట్లీ' అనే నెమ్మది పాట అక్కడి జనాదరణ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 23వ స్థానానికి చేరింది. కొన్ని పాటల సాహిత్యం పలుచనే గానీ, గాయకుడు మైకేల్ స్వీట్ గొంతు తారస్థాయికి ఎక్కినప్పుడు ఆ లోటు గుర్తుకు రాదు.

నన్ను ఆపింది మాత్రం వారి చిహ్నంతో పాటు కనిపించే యెషయా 53:5. మన బైబిలులో అది 'అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది' అని ఉంటుంది. కింగ్ జేమ్స్ అనే పాత ఇంగ్లీషు అనువాదంలో కొరడా దెబ్బలకూ బట్టల మీది చారలకూ ఒకటే మాట, 'స్ట్రైప్స్'. ఆ చారలు వాతలకు గుర్తన్న సంగతి, ఈ వాక్యాన్ని తెలుగులోనే కంఠస్థం చేసిన నాకు ఇన్నేళ్లుగా తట్టనే లేదు.